కింది అర

28 ఏప్రిల్ 2024, ఆదివారం, విజయవాడ

పొద్దున్నే పెరుగు గిన్నె మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. రాత్రి తోడుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగే. పక్కనున్న పాలు పొయ్యి మీద పెడితే విరిగాయి. పై తలుపు తీసి చూశాను. ఐసు గడ్డలు రాళ్ళలాగే ఉన్నాయి. కింది అరలో చెయ్యి పెడితే మాత్రం వంటగదికీ దానికీ పెద్ద తేడా తెలియలేదు. ఇది 2011లో కొన్న రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, 310 లీటర్లది. పదమూడేళ్ళలో ఒకసారి బల్బు మార్చాం, అంతే.

అత్తయ్య ఇన్సులిన్ తలుపు అరలో ఉంటుంది. వాడుతున్న సీసా ఒకటి, కొత్తవి రెండు. అట్టపెట్టె పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. కంగారులో మూడూ తీసి పైన ఐసు గదిలో పెట్టాను. ఒక గంట చల్లబడితే చాలు, తీసేద్దాం అనుకున్నాను. ఇంతలో ఎలక్షన్ డ్యూటీ శిక్షణ గురించి ఫోను వచ్చింది, మధ్యాహ్నం చుట్టాలు దిగారు. గుర్తొచ్చేసరికి రాత్రి ఎనిమిది. మందు గడ్డకట్టి ఉంది. బల్ల మీద పెడితే కాసేపటికి కరిగి, ఎప్పటిలా నీళ్ళంత తేటగా అయింది. హమ్మయ్య అనుకుని చన్నీళ్ళ గిన్నెలో ఉంచాను.

30 ఏప్రిల్, మంగళవారం

మా ఆయన ఆఫీసులో ఎవరో చెప్పిన మెకానిక్ నిన్న సాయంత్రం వచ్చాడు. కింది తలుపు తీసి చెయ్యి పెట్టి చూసి, ‘గ్యాస్ పోయింది మేడమ్’ అన్నాడు. పైన ఐసు కడుతోంది కదా అంటే, ‘తక్కువైతే పైకి సరిపోయి కిందికి చాలదు’ అన్నాడు. మాట నమ్మేలాగే ఉంది. రాత్రంతా ప్లగ్ తీసి తలుపులు తెరిచి ఉంచమన్నాడు. ఈ ఉదయం సిలిండర్ తెచ్చాడు. వెనక ఒక గొట్టం కొస కత్తిరించగానే సుయ్‌మని చాలాసేపు శబ్దం వచ్చింది. కొత్త గ్యాసు ఎక్కించి 2,800 రూపాయలు తీసుకున్నాడు. సాయంత్రానికి కింద చల్లబడింది. మామిడికాయ పప్పు మిగిలితే ధైర్యంగా లోపల పెట్టాను.

4 మే, శనివారం

పరగడుపున అత్తయ్యకు షుగరు 312. నిన్న 290. ఆవిడ తిండిలో మార్పేమీ లేదు. మామిడిపండు ముట్టలేదని ఒట్టు పెట్టుకుని చెప్పారు. నేను నమ్మకుండా పండ్ల బుట్ట లెక్కపెట్టాను. ఈ మాట రాయడానికి కష్టంగా ఉంది.

డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. మొదట డోసు అడిగారు, తర్వాత మందు ఎక్కడ పెడుతున్నారని అడిగారు. ఐసు గదిలో పెట్టిన సంగతి చెప్పాను. ఆయన రాయడం ఆపి తలెత్తారు. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే ఇక పారెయ్యాల్సిందేనట. కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా దాని బలాన్ని నమ్మడానికి లేదు. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నది బయట ఉంచినా నాలుగు వారాల దాకా ఫర్వాలేదు గానీ, ఆ ‘బయట’ అంటే 30 డిగ్రీలు దాటని చోటు. మా వంటగదిలో మధ్యాహ్నం 39. వేడికి మందు మెల్లగా బలహీనపడుతుంది, గడ్డకడితే ఒక్క దెబ్బకే పాడవుతుంది అన్నారు. రెండిట్లో చిన్న ప్రమాదానికి భయపడి పెద్ద ప్రమాదంలోకి తోశాను.

ఆరు రోజులు ఆవిడ ఒంట్లోకి మందు పేరుతో నేను ఎక్కించినదేమిటో తలుచుకుంటే చెయ్యి వణుకుతోంది. అత్తయ్య మాత్రం రిక్షా దిగుతూ, ‘నువ్వు కావాలని చేశావా ఏమిటే, ఊరుకో’ అన్నారు. పండ్ల బుట్ట లెక్కపెట్టిన సంగతి ఆవిడకు చెప్పాను.

మూడు సీసాలూ తీసేశాం. కొత్తవి కొన్నాం. ఫ్రిజ్ మీద పూర్తిగా నమ్మకం కుదిరేదాకా డాక్టరుగారు చెప్పినట్టు కొత్త కుండ తెచ్చి, అడుగున తడి ఇసుక పోసి, అందులో మూత ఉన్న ముంత కూర్చోబెట్టి, వాడే సీసాను దాంట్లో పెట్టాను. ఇన్నేళ్ళుగా పదో తరగతికి బాష్పీభవన గుప్తోష్ణం చెబుతున్నదాన్ని. కుండ ఒంటికి చెమట పట్టి ఆరుతుంటే లోపలి వేడి దాంతోపాటే పోతుందని వందల మందితో రాయించాను. ఈ సంగతి నాకు డాక్టరుగారు గుర్తుచెయ్యాల్సి వచ్చింది.

9 మే, గురువారం

మళ్ళీ కింద వేడి. సరిగ్గా తొమ్మిది రోజులు పనిచేసింది. గ్యాస్ ఎక్కించినతనికి ఫోను చేస్తే, ‘అయితే కంప్రెసర్ పోయుంటుంది మేడమ్, ఏడెనిమిది వేలవుద్ది, కొత్తది కొనుక్కోండి’ అన్నాడు. అమ్మాయి హైదరాబాద్ నుంచి అప్పుడే పక్కపక్క తలుపులున్న పెద్ద ఫ్రిజ్ ఫొటోలు పంపడం మొదలుపెట్టింది.

మా వీధి చివర సోడా కొట్టతను మరొకాయన పేరు చెప్పాడు. కూల్‌డ్రింకుల కొట్లన్నిటికీ డీప్ ఫ్రీజర్లు బాగుచేసేది ఆయనేనట. అరవై దాటిన మనిషి. సంచీ కింద పెట్టి, ఏ పరికరమూ తియ్యకుండా ముందు అడగడం మొదలుపెట్టారు. పైన ఐసు కడుతోందా? ముందు కింద పోయిందా, పైన పోయిందా? మధ్యలో ఎప్పుడైనా రాత్రంతా ఆపి ఉంచారా? ఆపి పెట్టాక ఎన్ని రోజులు పనిచేసింది? ఆ రోజు డాక్టరుగారి గదిలో విన్న ప్రశ్నల్లాగే ఉన్నాయి ఇవీ.

తొమ్మిది రోజులనగానే తలూపి, ‘గ్యాస్ గోల కాదండీ టీచరమ్మగారూ’ అన్నారు.

పై గదిలో సామాను తీయించి, వెనక ప్లాస్టిక్ పలకకున్న మరలు విప్పారు. పలక ఒక పట్టాన రాలేదు. వచ్చాక చూస్తే దాని వెనక కాయిలే కనపడలేదు. అడుగు నుంచి పై దాకా తెల్లటి మంచు గోడ.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను. ‘ఈ రకం ఫ్రిజ్‌లో కిందికి వేరే కాయిలుండదండి. ఉన్నది ఒకటే, ఇది. దీని పక్కన చిన్న ఫ్యాను. ఆ గాలి సగానికిపైగా ఇక్కడే తిరుగుద్ది. కాస్త మాత్రం వెనక దారంట కిందికి దిగుద్ది. పైన తినగా మిగిలిందే కింద వాళ్ళకి. మంచు పట్టి దారి మూసుకుపోతే ముందు పస్తుండేది కింది అరే. పైన ఐసు ఉంది గదా అని మీరు చూసుకోరు.’

ఫ్రాస్ట్ ఫ్రీ అంటే మంచు పట్టనే పట్టదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పడుతుంది. తలుపు తీసినప్పుడల్లా లోపలికి పోయే తేమ, ఆకుకూరల తడి, మూత పెట్టని సాంబారు ఆవిరి, అన్నీ చివరికి ఆ కాయిలు మీదే మంచవుతాయి. మనకు కనపడని చోట పట్టి, మనకు తెలియకుండా కరిగిపోతుంది. పాతకాలం మోడళ్ళలో ఒక టైమరు ఎనిమిది పది గంటలకోసారి కంప్రెసర్‌ని ఆపి, కాయిలు కిందున్న హీటరును ఇరవై నిమిషాలో అరగంటో వెలిగిస్తుంది. కరిగిన నీళ్ళు అడుగున చిన్న కన్నంలోంచి వెనక గొట్టం గుండా కంప్రెసర్ మీది పళ్ళెంలో పడి, ఆ వేడికే ఆవిరైపోతాయి. ఫ్రిజ్‌లో హీటరుందని నేను ఎన్నడూ ఊహించలేదు.

‘గ్యాస్ తక్కువైతే ఎట్టా తెలుస్తది?’ అని నేను అడగబోతుంటే ఆయనే చెప్పారు. గ్యాస్ తగ్గితే కాయిలులో గ్యాసు లోపలికొచ్చే మూల మాత్రమే మంచు పడుతుంది, మిగతాదంతా పొడిగా ఉంటుంది. కాయిలంతా ఇలా నిండుగా, ఒకే మందాన పట్టిందంటే గ్యాస్ బ్రహ్మాండంగా ఉన్నట్టే. పలక విప్పి చూడటానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఖర్చు పెట్టకుండా మొదట వచ్చినతను మంచి గ్యాసును గాలిలోకి వదిలేసి కొత్తది ఎక్కించాడు. ఆ తొమ్మిది రోజులూ ఫ్రిజ్‌ని నడిపించింది ఆ గ్యాసు కాదు. రాత్రంతా ఆపి ఉంచినప్పుడు మంచు దానంతటదే కరిగింది. మళ్ళీ పేరుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది.

పోయిన డబ్బు సంగతి అలా ఉంచి, నాకు ఎక్కువ బాధగా ఉన్నది మరొకటి. ఈయన మొదటే దొరికి ఉంటే ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలన్న కంగారు ఇన్ని రోజులు ఉండేది కాదు.

11 మే, శనివారం

మంచును కత్తితో గానీ స్క్రూడ్రైవర్‌తో గానీ ముట్టుకోలేదు ఆయన. చెంబుతో గోరువెచ్చని నీళ్ళు పోస్తూ, గుడ్డతో అద్దుతూ మొన్న గంటన్నర కూర్చున్నారు. తర్వాత మీటరుతో చూస్తే హీటరు తీగ తెగిపోయి ఉంది. ఇంకో చిన్న బిళ్ళలాంటిది చూపించారు, బైమెటల్. రెండు లోహాల పట్టీ అది. కాయిలు బాగా చల్లబడి ఉంటేనే కలుస్తుంది, మంచు కరిగి వేడెక్కగానే విడిపోతుంది. అది లేకపోతే హీటరు ఆగకుండా వెలిగి లోపల ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. దాన్ని పరీక్షించడానికి గ్లాసులో ఐసు ముక్కలు వేసి, గుప్పెడు కల్లుప్పు కలిపి, అందులో ముంచారు. ఉప్పు కలిస్తే ఐసు సున్నా కంటే ఎంతో కిందికి పోతుంది. కుల్ఫీబండి వాళ్ళు చేసేదీ అదే. మీటరు ముల్లు కదల్లేదు. అదీ పోయింది.

వన్‌టౌన్‌లో రెండూ దొరికాయి. ఇవాళ వచ్చి బిగించి, టైమరులో సన్నటి స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా తిప్పారు. టక్‌మంది. కంప్రెసర్ ఆగింది. రెండు నిమిషాలకు లోపల హీటరు చుట్టూ సన్నగా చుయ్ చుయ్‌మని, ఆ తర్వాత నీటి చుక్కలు పళ్ళెంలో పడుతున్న చప్పుడు. నన్ను పిలిచి వినమన్నారు. సామానుకీ పనికీ కలిపి 1,400.

వెళ్తూ వెళ్తూ కింది అరలో గాలి వచ్చే చీలికలకు అడ్డంగా నేను నిలబెట్టిన పచ్చడి సీసాల వరస చూసి, వాటిని తనే పక్కకు జరిపారు. నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచమన్నారు.

14 మే, మంగళవారం

నిన్న పోలింగ్. ఆరు దాటాక కూడా వరస తగ్గలేదు. యంత్రాలు అప్పగించి ఇంటికొచ్చేసరికి తెల్లవారుజాము మూడు. స్నానం చెయ్యకముందే ఫ్రిజ్ తీశాను. మధ్య అరలో నీళ్ళ గ్లాసులో నిలబెట్టి వెళ్ళిన థర్మామీటరు 4 చూపిస్తోంది. అత్తయ్యకు నిన్న పొద్దున 168.

17 మే, శుక్రవారం

సెలవులు గనక నాలుగు రోజులుగా దీని వెంటే ఉన్నాను. బడి ప్రయోగశాల థర్మామీటరు తెచ్చుకోవడం మంచి పనైంది. గాలిలో పెడితే తలుపు తీయగానే మారిపోతుంది, నీళ్ళ గ్లాసులో ముంచి రాత్రంతా ఉంచితేనే అసలు లెక్క తెలుస్తుంది. మధ్య అరలో 4 ఉన్నప్పుడు తలుపు అరలో 9. పగలంతా అందరూ తీస్తూ మూస్తూ ఉండే తలుపులో ఇన్సులిన్ పెట్టాను ఇన్నేళ్ళు. వెనక గోడకు ఆనించి, గాలి చీలిక కిందే పెడితే 1. అక్కడ దోసకాయ గడ్డకట్టిపోయిన రోజులు గుర్తున్నాయి. అంచేత మధ్య అరలో, ముందువైపు, చిన్న స్టీలు డబ్బాలో. డబ్బా మీద కాగితం అంటించాను.

చలి పెంచి తగ్గించే మరలు రెండున్నాయి, పైన ఒకటి, కింద ఒకటి. ఎండలు ముదిరాయని ఏప్రిల్‌లో పైదాన్ని చివరిదాకా తిప్పాను. మా మోడల్లో పై మర తిప్పితే చలి పెరగదట, గాలి పైనే ఎక్కువ ఆగుతుంది, అంటే కిందికి ఇంకా తగ్గుతుంది. కిందా చల్లబడుతుందని పై మర పెంచాను, అది కింది అరను ఇంకా పస్తు పెట్టింది. మధ్యకు తెచ్చాను.

తలుపు రబ్బరు పరీక్షకు పది రూపాయల నోటు పెట్టి తలుపు మూసి లాగాను. మూడు వైపులా బిగువుగానే ఉంది, కింది మూల మాత్రం నోటు జారి వచ్చేసింది. సబ్బునీళ్ళతో జిడ్డు కడిగి, వేడినీళ్ళలో తడిపిన గుడ్డతో కాపడం పెడితే రబ్బరు మెత్తబడి మళ్ళీ అంటుకుంది. కొంటే ఆరేడు వందలు. ఇంతకాలం ఆ మూలనుంచే బెజవాడ ఎండ లోపలికి పోతోంది.

పక్కింటి పిన్నిగారి ఫ్రిజ్ ఐదు నిమిషాలకోసారి టక్‌మని ఊరుకుంటోందని నన్ను పిలిచారు. నేనేమైనా మెకానిక్‌నా! అయినా వెళ్ళాను. దీపాలు కూడా మందంగా ఉన్నాయి. వోల్టేజీ తక్కువై మోటరు లేవలేక, వేడెక్కి, ఓవర్‌లోడ్ తెగి, చల్లారాక మళ్ళీ ప్రయత్నిస్తోంది. ప్లగ్ తీసేసి, మా ఫ్రిజ్ బాగుచేసిన పెద్దాయనకు ఫోను చెయ్యమన్నాను. అలా వదిలేస్తే మోటరు చుట్టే కాలిపోతుందని ఆయన చెప్పగా విన్నాను.

20 మే, సోమవారం, మా ఊరు

అమ్మ నిన్న రాత్రి ఫోను చేసి, చాలాసేపు ఇల్లూ వాకిలీ సంగతులు చెప్పి, చివర్లో ‘ఏం లేదు గానీ, ఫ్రిజ్ సుయ్‌మంది’ అంది.

పొద్దున మొదటి బస్సుకు చల్లపల్లి మీదుగా వచ్చాను. అమ్మది ఒకే తలుపు ఫ్రిజ్, పైన చిన్న ఐసు పెట్టె ఉండే రకం. మంచు అరచేతి మందాన పట్టి పెట్టె తలుపు మూతపడకపోతే, పనిపిల్ల కూరగాయల కత్తితో పొడిచింది. ఈ రకంలో ఆ పెట్టె గోడలే కాయిలు. రెండు పల్చని అల్యూమినియం రేకులు అతికించి, మధ్యలో గ్యాసు తిరిగే దారులు ఉబ్బించి ఉంటాయి. కత్తి మొన చాలు. ఆ పిల్ల రెండు రోజులుగా పనిలోకి రావడం లేదట, తిడతారని. వాళ్ళింటికి వెళ్ళి నేనే పిలుచుకొచ్చాను. కత్తి వాడొద్దని ఆ ఇంట్లో ఎవరు చెప్పారు ఆ పిల్లకు? నాకే తెలియదు ఈ మే నెల దాకా.

పెద్దాయన ఫోనులో అన్నారు: అతుకు వెయ్యొచ్చు, కానీ నిలవదు. ఐసు పెట్టె మొత్తం మార్చాలి. పదహారేళ్ళ ఫ్రిజ్‌కి ఆ ఖర్చు వద్దండి.

23 మే, గురువారం, విజయవాడ

బందరు రోడ్డు మీద మూడు షోరూములు తిరిగాను. ముందు అమ్మ రోజును కాగితం మీద రాసుకుని వెళ్ళడం వల్ల నిలబడగలిగాను, లేకపోతే ఆ దీపాల కింద అన్నీ కావాలనిపిస్తాయి.

అమ్మ ఒక్కతే. లీటరు పాలు, పెరుగు, రెండు రోజులకోసారి దోసెల పిండి, కరివేపాకు, గోంగూర, కొబ్బరిచెక్క, గుడికి కట్టే మల్లెదండ, కంటి చుక్కల మందు. ఐసుక్రీం లేదు, మాంసం నిలవ లేదు. ఊళ్ళో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, సాయంత్రం వోల్టేజీ 170కి దిగుతుంది. మెకానిక్ అవనిగడ్డ నుంచి రావాలి.

అమ్మాయి చెప్పిన పక్కపక్క తలుపుల ఫ్రిజ్ వెడల్పు మూడడుగులు. మా అమ్మ వంటింటి గుమ్మం రెండున్నర. అదీకాక, నిలువునా రెండుగా చీల్చడం వల్ల ఒక్కో అర ఇరుకు. అమ్మ పిండి గిన్నె పట్టదు. పెద్ద కుటుంబం, రెండు మూడు వారాల నిలవ ఉన్నవాళ్ళకు అది మేలే. కింద ఫ్రీజరు ఉండే రకం నాకు నచ్చింది. రోజుకు ఇరవై సార్లు తీసేది మామూలు అర, వంగక్కర్లేకుండా కంటి ఎత్తులో ఉంటుంది. నడుం నొప్పి ఉన్న అత్తయ్యకు అలాంటిది కొనాలి, మాది ముసలిదైనప్పుడు. రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ అమ్మకు కొనొచ్చు. కానీ ఫ్యాను, హీటరు, బైమెటల్ అన్నీ ఆ ఊళ్ళో పాడైతే ఎవరు చూస్తారు? పైగా ఫ్యాను గాలికి మూత లేని ఆకుకూర వాడిపోతుంది.

మళ్ళీ ఒకే తలుపుదే తీసుకున్నాను, 180 లీటర్ల పైచిలుకుది. చలిగాలి బరువుకు తనే కిందికి దిగుతుంది, ఫ్యాను అక్కర్లేదు. కరెంటు పోయినా ఐసు పెట్టెకు పట్టిన మంచే కాసేపు కాపలా కాస్తుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నది ఎంచుకున్నాను. అంటే ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ అని కాదు. మోటరు ఒక్కసారిగా ఎగిరి లేవకుండా మెల్లగా లేచి, అవసరాన్ని బట్టి వేగం మార్చుకుంటుంది. తక్కువ వోల్టేజీలోనూ లేస్తుంది.

స్టార్ల దగ్గర సేల్స్ కుర్రాడితో కాసేపు వాదించాను. పట్టీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో అంకె ఉంటుంది. నక్షత్రాల కంటే అది చూడాలి. ఆ పట్టీ ఏ సంవత్సరాలకు వర్తిస్తుందో కూడా చూడాలి, కొన్నేళ్ళకోసారి కొలత బిగిస్తారు గనక పాత ఐదు నక్షత్రాలు కొత్త ఐదుతో సమానం కాదు. మూడు నక్షత్రాలదానికీ ఐదుదానికీ తేడా ఏడాదికి నలభై యూనిట్లు, ధరలో తేడా మూడు వేలు. అమ్మ బిల్లులో యూనిట్ నాలుగైదు రూపాయలు దాటదు. ఆ మూడు వేలు తిరిగి రావడానికి కనీసం పదిహేనేళ్ళు. మూడే చాలు. మా ఇంట్లోలాగా బిల్లు పెద్ద శ్లాబులో పడే చోట, పెద్ద ఫ్రిజ్‌కైతే ఈ లెక్క తిరగబడుతుంది.

ఎవరూ చూడని ఇంకో అక్షరం ఉంది. లోపలి గోడ మీద సాంకేతిక వివరాల చీటీలో వాతావరణ తరగతి రాసి ఉంటుంది. ఇంగ్లీషు ‘టీ’ అంటే చుట్టూ 43 డిగ్రీల దాకా తట్టుకునేలా పరీక్షించినది. ‘ఎన్’ అంటే 32 దాకానే. చలిదేశపు కొలత అది, కృష్ణా జిల్లా రోహిణికి చాలదు. కుర్రాడు ఆ చీటీని మొదటిసారి నాతోపాటు వంగి చదివాడు.

ఇంటికొస్తుంటే నాన్న కొన్న మొదటి ఫ్రిజ్ గుర్తొచ్చింది. ఆల్విన్. హైదరాబాద్ సనత్‌నగర్ సరుకు. 1942లో నిజాం కాలంలో మొదలైన ఆ కంపెనీ బస్సు బాడీలు, చేతి గడియారాలు కూడా చేసేది. తొంభైల్లో దాని ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు పోయింది. మా ఫ్రిజ్ తలుపుకు తాళం ఉండేది, తాళంచెవి నాన్న మొలతాడుకు. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా ఐసు ముక్కల కోసం గిన్నెతో మా ఇంటికి వచ్చేవాళ్ళు. ఆ తాళంచెవి ఎవరికీ లేదనలేదు ఆయన.

26 మే, ఆదివారం, మా ఊరు

రోహిణి కార్తె రెండో రోజు. ఆటోలో నిలబెట్టే తెచ్చాం, ఇద్దరు పట్టుకుని. అయినా మూడు నాలుగు గంటలు ప్లగ్ పెట్టకుండా ఉంచాను. దారిలో ఊగిన కంప్రెసర్ నూనె తిరిగి కిందికి చేరాలి. అమ్మ అసహనంగా అటూ ఇటూ తిరిగింది, పాలు ఎండకు పోతున్నాయని.

పొయ్యి పక్క పాత చోటు మార్చి, ఉత్తరం గోడకు జానెడు దూరంలో పెట్టాను. ఫ్రిజ్ చలి పుట్టించదు, లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. పోసేచోట ఇంకో వేడి ఉంటే తోడింది తోడినట్టే ఉంటుంది. సాయంత్రానికి పక్కలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఎదురింటావిడ కంగారుపడింది, షాక్ కొడుతుందేమోనని. ఇప్పుడు చాలావాటికి వెనక నల్ల జాలీ ఉండదు, ఆ గొట్టాలు పక్క గోడల్లోపల ఉంటాయి. వేడి అక్కడినుంచే పోవాలి. పక్కల కూడా జాగా వదలమని, పైన గుడ్డ కప్పొద్దని అమ్మకు చెప్పాను. కుట్టి ఉంచిన పూలగుడ్డ మడిచి పెట్టెలో పెట్టేసింది, ముఖం చిన్నబుచ్చుకుని.

పనిపిల్లకు చలి మర మధ్యనున్న బటన్ చూపించాను. మంచు చిటికెనవేలు మందం రాగానే నొక్కాలి. అది కంప్రెసర్‌ని ఆపుతుంది, మంచు కరిగాక తనే మళ్ళీ మొదలవుతుంది. ఆ పిల్ల నాచేత మూడుసార్లు చెప్పించుకుంది.

2 జూన్, ఆదివారం, విజయవాడ

అమ్మ పాత ఫ్రిజ్ పాతసామాను అతను పట్టుకెళ్ళాడు. దానిలో గ్యాసు ఎటూ గాలిలో కలిసిపోయింది. మా ఇంట్లోది కూడా, ఏప్రిల్ 30న, నా కళ్ళముందే. పెద్దాయన చెప్పేదాకా ఆ సుయ్‌మన్న శబ్దానికి అర్థం తెలియలేదు నాకు. మాదాంట్లోది ఆర్ 134ఎ. ఓజోనుకు హాని చేసే పాత ఆర్ 12ను 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మాన్పించి దీన్ని తెచ్చారు. కానీ వందేళ్ళ లెక్కన చూస్తే ఒక కిలో ఆర్ 134ఎ దాదాపు 1,400 కిలోల బొగ్గుపులుసు వాయువంత వేడిని పట్టి ఉంచుతుంది. వంద గ్రాములు పోయినా నూట నలభై కిలోలతో సమానం. ఏ అవసరమూ లేకుండా. ఈ జూన్‌లో పాఠం మొదలుపెట్టేటప్పుడు పిల్లలకు దీన్నే చెబుతాను.

అమ్మ కొత్తదాంట్లో ఉన్నది ఐసోబ్యూటేన్, ఆర్ 600ఎ. గాలికి చేసే చెరుపు చాలా తక్కువ. అయితే వంట గ్యాసుకు దగ్గరి చుట్టం, అంటుకుంటుంది. ఉండేది యాభై గ్రాముల చిల్లరే అయినా, రేపెప్పుడైనా బాగుచెయ్యాల్సి వస్తే గొట్టం మీద నేరుగా మంట పెట్టేవాడిని ఇంట్లోకి రానివ్వొద్దని పెద్దాయన గట్టిగా చెప్పారు. ఫ్రిజ్ వెనక కాగితం మీద రాసి అంటించి రావాలి, ఈసారి వెళ్ళినప్పుడు.

9 జూన్, ఆదివారం

అత్తయ్యకు పరగడుపున 134. స్టీలు డబ్బా తనే తీసుకుని, మందు వేసుకున్నాక తనే మధ్య అరలో పెడుతున్నారు, ముందువైపు. నేను చూస్తున్నానని తెలిస్తే డబ్బాను ఇంకాస్త ముందుకు జరుపుతారు.

పదకొండింటికి అమ్మ ఫోను. పనిపిల్ల బటన్ నొక్కిందట. పాలగిన్నె, పెరుగు తీసి కుండ పక్కన పెట్టారట. ఇద్దరూ పీటలేసుకుని దాని ముందు కూర్చున్నారు. ‘నీళ్ళు దిగుతున్నాయే అమ్మడూ. ఎంతసేపటికి మళ్ళీ మొదలవుద్ది?’ అంది అమ్మ. దానంతటదే మొదలవుతుంది, మీరు లేచి మీ పని చూసుకోండి అన్నాను. ‘ఉండు, వినపడేదాకా ఉంటాం’ అని ఫోను కింద పెట్టకుండా అలాగే పట్టుకుంది. నేనూ పట్టుకునే ఉన్నాను.